కొసలు తుంచిన మునకవడ్లు

మా తమ్ముడు బాపయ్యకి రేపల్లె దిగువన, మురుగుకాలవ పక్కన కొంచెం పల్లపు పొలం ఉండేది. వానాకాలంలో అక్కడ నడుములోతు నీళ్ళు నిలుస్తాయి. కొత్తగా వచ్చిన పొట్టిరకాలు వేస్తే వారం తిరక్కుండా కుళ్ళిపోయేవి. అందుకే మా నాన్న నాటి నుంచీ ఆ చేలో మునకవడ్లే వేసేవాళ్ళం. నీళ్ళు ఎంత ఎదిగితే ఆ పైరు అంత ఎదుగుతుంది. కాని ఆ బియ్యం ఎర్రగా, మోటుగా ఉంటాయి. తెనాలి మిల్లుల్లో అడిగే నాథుడు లేక చుట్టుపక్కల అందరూ ఆ రకం వదిలేశారు. డెబ్బై ఆరులో మా వాడు వడ్లు పోసుకునే గడ్డిపురికి అడుగునుంచి చెమ్మ ఎక్కి, దాచిన విత్తనం చాలావరకు ముక్కిపోయింది. బాగున్న గింజలు ఏరి ఆకుమడిలో చల్లుకున్నాడు. ఆ నారు పోతే ఆ వడ్లు ఇక మాకు ఎక్కడా దొరకవు.

నేనప్పుడు తెనాలిలో ఉండేదాన్ని. బడికి వెళ్ళలేదు గాని పుస్తకాలు చదవడం నాకు నేనే నేర్చుకున్నాను. మా అమ్మాయి చంద్రకళ బాపట్లలో వ్యవసాయం మీద పైచదువు చదువుతోంది. నీళ్ళలో వరికాడ ఎట్లా సాగుతుందన్నదే దాని పరిశోధన. మా ఆయన వైద్యానికని గుంటూరు రైలెక్కి మళ్ళీ రాలేదు. అప్పటినుంచీ చంద్రకళ రైలెక్కిన ప్రతిసారీ ఆఖరి పెట్టె మలుపు తిరిగేదాకా ఫ్లాట్‌ఫారం మీద నుంచి కదిలేదాన్ని కాదు.

ఆ ఏడు కాలవ నీళ్ళు ఆలస్యంగా వదిలారు. ఊడ్పుల నాటికి నారు ముదిరింది. చంద్రకళా నేనూ గట్టు మీదికి వచ్చేసరికి బాపయ్య కొడవలి పట్టుకుని నారుకట్టల కొసలు తెగ్గోస్తున్నాడు.

"మామయ్యా, ఆగు! కొసలు తుంచకు!" అని అరిచింది చంద్రకళ.

"ఏమే కోడలుపిల్లా, వస్తూనే కేకలు? ముదురునారు. ఇట్లాగే పాతితే గాలికి పడిపోద్ది. మీ తాత తుంచేవాడు, నేనూ తుంచుతున్నా."

"తాత తుంచింది మెరకచేలో నారుకి. మునకవడ్లు ఆయన వెదజల్లేవాడు. నాటేవాడూ కాదు, తుంచేవాడూ కాదు."

బాపయ్య చేతిలో కొడవలి ఆగిపోయింది. విత్తనం తక్కువని పొదుపుకోసం ఈసారి నారు పోశాడు. నారు పోశాక, నారుకి చేసేదంతా అలవాటుగా చేసేశాడు.

ఊడ్పుల ముఠాని నడిపే మస్తానమ్మ నడుమెత్తి నవ్వింది. "బాపట్ల సదువు సదివిన అమ్మాయిగారు వరికి క్షవరం వద్దంటన్నారు, ఆపండయ్యా!"

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. చంద్రకళ నవ్వలేదు. "నీళ్ళు కప్పినప్పుడు ఆకు కొసలోంచే వేళ్ళకి గాలి అందాలి మామయ్యా. ముక్కు కోసి ఈతకి పంపుతున్నావు," అంది.

అప్పటికే కట్టలన్నీ తెగాయి. అతికించేది కాదు. బాపయ్య కొడవలి గట్టున గుచ్చాడు. మేం వెళ్ళేటప్పుడు కొన్ని కుదుళ్ళు తడిగోనెలో చుట్టి, "చదువుకి పనికొస్తే చూసుకో," అని దాని చేతికిచ్చాడు.

వాటిని చంద్రకళ బాపట్లలో ఒక సిమెంటు తొట్టిలో పెట్టి పెంచింది. కాస్త వేరు పట్టాక నిండా నీళ్ళు పోసింది. నేను చూడాలని పోరితే వాళ్ళ సారుని అడిగి ప్రయోగశాలలోకి తీసుకుపోయింది. ఒక కాడని కణుపు దగ్గర బ్లేడుతో పొరలా కోసి, రంగునీళ్ళలో ముంచి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. తొట్టిలో మిగిలినవి కూడా ఇట్లాగే కోతకి పోయేవే. వాటినుంచి గింజ రాదు.

నేను కన్ను ఆనించాను. ముందు నా రెప్పలే కనిపించాయి. తరవాత ఉన్నట్టుండి ఒక ఊరు కనిపించింది. గది పక్కన గది, గది పక్కన గది, అన్నిటికీ గోడలు. ఒక వైపు గోడలు మందంగా, ముదురురంగులో ఉన్నాయి. ఇంకో వైపు ఉల్లిపొర కన్నా పల్చన. అన్నం వండుకుని తినడమే గాని, ఇన్నేళ్ళూ ఆ గడ్డిలో ఇంత కట్టుబడి ఉందని నాకు తెలీదు. నాకు తెలీకుండానే చేతులు జోడించాను.

"ఆ పల్చటి చోటే సాగేది," అంది చంద్రకళ. "గోడలో దారాల్లాంటి పోగులుంటాయి. వాటిని పట్టి ఉంచే బంక వేరే. మునిగిన కాడలోంచి ఒక వాయువు బయటికి పోలేక లోపలే పోగవుతుంది. అరటిగెలలు పొగవేసి ముగ్గబెడతాం చూడు, ఆ పొగలో ఉండేదీ అదే."

"అరటిపండుని పండించేదీ, వరిని సాగదీసేదీ ఒకటేనా?"

"ఒకటే. అది చేరాక ఆ బంక పట్టు సడలుతుంది. గది నీళ్ళు తాగి పొడుగు సాగుతుంది. సాగిన చోట, చెక్కని గట్టిగా ఉంచే సరుకు లాంటిదే చేరి, గోడ మళ్ళీ బిగుస్తుంది. సడలకపోతే మునిగి చస్తుంది. బిగవకపోతే నిలవలేదు. ఏ సరుకు ఎంత చేరుతుందో కొలవడమే నా పని."

"ఇదంతా కొసలో జరుగుతుందా?"

"కొసలో కాదమ్మా. కణుపు పైన ఈ కాస్త మేరలో."

నాకు ఊపిరి వచ్చింది. "అయితే మీ మామయ్య తుంచింది పెరిగే చోటు కాదు!"

"కాదు. కాని గాలి అందే చోటు. పైకి చేరడం ముందో, ఊపిరాగడం ముందో, నాకు తెలీదు. మా సారుకీ తెలీదు."

ఆ సాయంత్రం పట్టిన వాన మూడోరోజుకి గాని తెరిపియ్యలేదు. మురుగుకాలవ ఎదురుతన్నిందని స్టేషన్లో అనుకుంటుంటే విన్నాం. బాపట్ల నుంచి తెనాలి, తెనాలి నుంచి రేపల్లె, దారి పొడుగునా కిటికీలకి రెండు పక్కలా నీళ్ళే. చంద్రకళ నా చెయ్యి వదల్లేదు.

మేం వెళ్ళేసరికి చేలో ఒక్క ఆకు లేదు. ఎర్రటి నీళ్ళు గట్టుని ఒరుసుకుంటూ ఉన్నాయి. బాపయ్య పార పట్టుకుని నిలబడ్డాడు. దిగువ చేను కాశీవిశ్వనాథానిది. అతను పక్కనే తడితుండు కప్పుకుని ఉన్నాడు.

"కొట్టు బావా గట్టు! నా పొట్టిరకం ఎట్లాగూ కుళ్ళేదే. నీ నీళ్ళు నా మీదికి వదిలెయ్, నీ విత్తనమన్నా దక్కుద్ది," అన్నాడు కాశీవిశ్వనాథం.

బాపయ్య పార ఎత్తాడు.

"వద్దు మామయ్యా," అంది చంద్రకళ. "అవి ఇప్పుడు సాగుతుంటాయి. సాగే చోట గోడ పట్టు సడలి ఉంటుంది. గండి కొడితే వచ్చే వడికి అక్కడే పుటుక్కున తెగుతాయి. నిలవనీళ్ళలోనే ఉండనీ."

"పైకి రాకపోతే?"

"రాకపోతే పోయినట్టే."

"నాన్న విత్తనమే అది. నీ మాట మీద వదిలెయ్యమంటావా?"

"నా మాట వద్దు. నువ్వే దిగి పట్టుకు చూడు."

బాపయ్య పార కింద పెట్టి చేలోకి దిగాడు. నీళ్ళు బొడ్డుదాకా వచ్చాయి. మునిగి, కింద తడుముతూ చాలాసేపు లేవలేదు. గడ్డం నుంచి నీళ్ళు కారుతూ లేచాడు.

"అక్కయ్యా, అడుగున కాడ కర్రలా ఉంది. పై కణుపు మీద మటుకు వెన్నలా మెత్తగా ఉంది. పసిబిడ్డ మాడులా ఉంది," అన్నాడు.

కాశీవిశ్వనాథం, "మరి కొట్టవా?" అన్నాడు.

"కొట్టను. నీ దయ ఇంకోసారి వాడుకుంటాలే బావా," అన్నాడు బాపయ్య.

మర్నాడు తెల్లవారేసరికి నీళ్ళు ఇంకా జానెడు ఎక్కాయి. ముందుగా గట్టు మీదికి నేనే వెళ్ళాను. మొదట ఏమీ కనపడలేదు. ఎండ ఏటవాలుగా పడ్డాక నీటి మీద పచ్చటి చుక్క ఒకటి మెరిసింది. దాని పక్కన ఇంకోటి. కళ్ళు అలవాటు పడేసరికి చేనంతా అక్కడక్కడ పొడుచుకొస్తున్నాయి. ఏ ఆకుకీ మొన లేదు. అన్నీ అడ్డంగా తెగి ఉన్నాయి, మా వాడి కొడవలి గాటుతోనే. కొస లేకుండానే, అడుగునుంచి ఎవరో భుజాల మీద ఎత్తి పట్టుకున్నట్టు, పైకొచ్చాయి.

నేను పిలవలేకపోయాను. వాళ్ళే వచ్చారు. చంద్రకళ మొహం కొంగుతో కప్పుకుంది. బాపయ్య, "వచ్చాయే! మొండిముక్కులేసుకుని వచ్చాయే!" అని నీళ్ళలోకి దూకాడు.

అన్నీ రాలేదు. సగానికి సగం లోపలే పోయాయి. కాని విత్తనానికి సగం చాలు.

పొద్దెక్కాక బాపయ్య చంద్రకళని అడిగాడు, "నీ కొలతకి కాడలు కావాలా?"

"ఇప్పుడెట్లా అడుగుతాను మామయ్యా? ఒక్కోటీ..."

"పెరిగింది కావాలా, పెరుగుతున్నది కావాలా?"

"పెరుగుతున్నవే కావాలి. బిగుసుకోకముందే."

బాపయ్య మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. తరవాత మునిగి, మంచి దుబ్బులే రెండు, వేళ్ళతో సహా పెకలించి తెచ్చాడు. తడిగుడ్డ చుట్టి దానికి అందిస్తుంటే వాడి చేతివేళ్ళు వెంటనే వదల్లేదు. మధ్యాహ్నం బండికి చంద్రకళ వాటిని ఒళ్ళో పెట్టుకుని బాపట్ల వెళ్ళిపోయింది. నేను స్టేషన్‌కి వెళ్ళలేదు. అట్లా వెళ్ళకపోవడం అదే మొదలు.

సాయంత్రం గట్టు పక్క కుదురు దగ్గర కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టాను. కాడ వెంట తడుముకుంటూ పోతే కణుపు తగిలింది. దాని పైన మెత్తటి చోటు. అంత నీళ్ళ బరువు కింద, ఆ వేలెడు మేరలో, గోడలు సడలుతూ బిగుస్తూ ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే, ఎంత సడలాలో, ఎప్పుడు బిగవాలో వాటికి తెలుసు. చప్పుడైనా లేదు. నా చెయ్యి తగిలి ఆ పని ఎక్కడ ఆగిపోతుందోనని మెల్లిగా తీసేశాను.