హాల్ టికెట్ ముహూర్తం

నా కొడుకు పుట్టిన గడియ ఏ పంతులూ పెట్టింది కాదు, నేను పెట్టింది. ఈ మాట చెప్పాల్సిన రోజున నోరు కుట్టేసుకున్నట్టు పడుకున్నాను. ఇప్పుడు చెప్పి ఎవరిని ఉద్ధరించాలో నాకే తెలియదు.

అశోక్‌నగర్‌లో మూడో అంతస్తు పైన రేకుల గది మాది. నేనూ, నా మొగుడు నాగేందర్ సర్కారు కొలువు కోసమే ఈ పట్నం వచ్చాం. పెళ్లయ్యాక అతను చదువు మానేసి కోచింగ్ సెంటర్లో నోట్సు జిరాక్సు తీసే పనిలో చేరాడు. ఒక్కరైనా గట్టెక్కాలి, నువ్వు చదువుకో అన్నాడు. రెండుసార్లు వాయిదా పడ్డ పరీక్షకు కొత్త తేదీ ప్రకటించేసరికి నాకు ఏడో నెల. తీరా చూస్తే డాక్టరు కాన్పుకు ఇచ్చిన తేదీ కూడా అదే. మూడోసారి వాయిదా పడదని నమ్మాను చూడండి, అదీ నా తెలివి. అశోక్‌నగర్‌లో అన్నం లేకపోయినా ఆ నమ్మకం మాత్రం అందరికీ ఉంటుంది.

నారాయణగూడ సందులో చిన్న నర్సింగ్ హోమ్. డాక్టర్ హైమవతి గారిని, మూడు వారాల ముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీయండి, కుట్లు మానాక పరీక్ష రాసుకుంటాను అని అడిగాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పరీక్ష మళ్ళీ వస్తుందమ్మా. ముప్పై ఏడో వారం అంటే ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడాలి. ఇంకో రెండు వారాలైనా ఆగాలి" అంది.

బయటికి వచ్చి బెంచీ మీద కూలబడ్డాను. పక్కన చిక్కడపల్లి నుంచి వచ్చిన కీర్తన అనే అమ్మాయి. ఆమెకూ నాకూ నాలుగు రోజులే తేడా. వాళ్ళ అత్తగారు పసుపు పూసిన కాగితం పట్టుకుని లోపలికి వెళ్లింది. పంతులు గారు పెట్టిన ముహూర్తమట. ముప్పై ఏడో వారమే. తెరిచి ఉన్న తలుపులోంచి అంతా కనిపిస్తూనే ఉంది, డాక్టరు కాసేపు గొణిగి, సంతకం పెట్టించుకుని డైరీలో రాసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పంతులు అడిగితే గట్టిపడే ఊపిరితిత్తులు నేను అడిగితే ఎందుకు గట్టిపడవు?

తరువాతి వారం నేనూ కాగితం తెచ్చాను. గోడ క్యాలెండర్ చూసి గురువారం పది గంటల నలభై నిమిషాలు అని రాసి, నాలుగు మూలలా పసుపు పెట్టాను.

"మా అత్తమ్మ పెట్టిచ్చింది మేడమ్. కాదంటే నన్ను ఇంట్ల బతకనియ్యదు" అన్నాను.

ఈ అత్తగార్లతో వేగలేకపోతున్నానంటూ ఆవిడ తేదీ ఖాయం చేసింది. ఇంట్లో ఏమో ఉమ్మనీరు తగ్గింది, డాక్టరే తొందరపెడుతోంది అని చెప్పాను. మా అత్త సత్తవ్వ సిద్దిపేట దగ్గరి ఊరి నుంచి పరుగున వచ్చింది. పాత నూలు చీరలు నాలుగు మెత్తగా ఉతికి, పిల్లవాడి కోసం చింపి మూట కట్టుకొచ్చింది. ఆమెకు క్యాలెండర్ చూడటం కూడా రాదు.

పది నలభైకి బాబును తీశారు. ఏడుస్తాడని చెవులు రిక్కించాను. ఏడుపు రాలేదు, మూలుగు వచ్చింది. ఊపిరికి ఊపిరికి పక్కటెముకల కింద గుంట పడుతోందట. నాకు ముఖమైనా సరిగ్గా చూపించకుండా పిల్లల ఆసుపత్రికి తీసుకుపోయి అద్దాల పెట్టెలో పెట్టారు. శిశు మరణాల రేటు ఏ జిల్లాలో ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ చదువంతా ఎందుకు తగలెయ్యనా అని ఏడ్చాను. కీర్తన కొడుకు మాత్రం అంతకు ముందురోజే పుట్టి, పక్క గదిలో వార్డంతా వినిపించేలా ఏడుస్తున్నాడు.

మర్నాడు డాక్టరు చూడటానికి వచ్చింది. నా కాళ్ల దగ్గర సత్తవ్వ, తలుపు దగ్గర నాగేందర్ ఉన్నారు. ఆవిడ నేరుగా సత్తవ్వ మీదికే వెళ్లింది. "ముహూర్తం, ముహూర్తం అని ప్రాణం తీస్తారు. పసివాడు ఎలా ఎగపోస్తున్నాడో వెళ్లి చూడండి" అంది.

సత్తవ్వ ఒక్కసారి నా వైపు చూసింది. నేను మొహం గోడకు తిప్పుకున్నాను.

"ఔ మేడమ్. నేనే పెట్టిచ్చిన. తప్పయింది" అంది ఆమె.

నాగేందర్ నన్ను చూసిన చూపు ఉంది చూడండి, అది నన్ను ఇప్పటికీ కాలుస్తుంది. తల్లి పరువు కాపాడటానికే నేను ఉమ్మనీరు కథ అల్లానని అనుకున్నాడు. ఎంత మంచిదానివే అన్నట్టు నా తల నిమిరాడు. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడలేదు. అద్దాల పెట్టె దగ్గరికి ఆమెను రానివ్వలేదు.

తొమ్మిదో రోజు బాబును గదికి తెచ్చుకున్నాం. చిక్కి సగమయ్యాడు కానీ గొంతు వచ్చింది. సత్తవ్వ పొద్దున్నే నీళ్లు కాచి, పీట వాల్చి కూర్చుంది. నాగేందర్ ఆ పీట కాలితో జరిపాడు, నీ చేయి నా కొడుకు మీద పడొద్దు అన్నాడు. ఆమెను ఊరికి పంపెయ్యడానికి, జూబ్లీ బస్టాండుకు ఆటో తెస్తానని దిగిపోయాడు.

అప్పుడే ఫోన్ మోగింది. పరీక్ష రెండు నెలలు వాయిదా. మా వాట్సాప్ గ్రూపులో అందరూ బూతులు తిట్టుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే కుట్లు లాగాయి. ఏమైందని సత్తవ్వ అడిగితే చెప్పేశాను, పసుపు కాగితంతో సహా.

ఆమె కాగిన నీళ్ల మీద మూత పెట్టింది.

"వానికి చెప్పకు" అంది. "నా మీద కోపమైతే ఎన్నడో ఒకనాడు తల్లే కదా అని తిరిగొస్తడు. నీ మీద కోపమైతే ఈ పిల్లగాని బతుకు ఆగమైతది."

నాగేందర్ పైకి వచ్చాడు. ఏమంటోంది అని నన్ను అడిగాడు.

"ఏం లేదు" అన్నాను.

చీర ముక్కల మూట నా పక్కన పెట్టి సత్తవ్వ మెట్లు దిగింది. మోకాళ్ల నొప్పి, ఒక్కో మెట్టు మీదా ఆగి దిగుతోంది. ఆటో కదిలేదాకా పిలిస్తే వినపడే దూరంలోనే ఉంది. నేను పిలవలేదు.