విమానంలో ఒక్క సీటు

భాగ్యకు కడుపు మండుతోంది. దీనికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. అలసట కాదు, లాక్‌డౌన్ దిగులూ కాదు, అచ్చంగా కుళ్ళు.

పదకొండేళ్ళుగా ఆమె శంషాబాద్ విమానాశ్రయంలో విమానాలు శుభ్రం చేస్తోంది. ఇబ్రహీంపట్నం నుంచి ఆ పనికి పోయిన మొదటి ఆడమనిషి తనే. జనం దిగీ దిగగానే లోపలికెక్కి, వాళ్ళు వదిలేసిన బిస్కెట్ పొట్లాలూ పిల్లల డైపర్లూ ఏరి, సీట్లు తుడిచి, బెల్టులు సర్ది, కొత్త జనం ఎక్కేలోపు దిగిపోవాలి. ఎన్ని వేల సీట్లు తుడిచిందో ఆమెకే తెలియదు. విమానం కదులుతుండగా మాత్రం ఒక్క సీట్లోనూ కూర్చున్న పాపాన పోలేదు. అలాంటిది, మూడేళ్ళ కిందట తను వేలు పట్టుకుని పనిలో చేర్పించిన రూత్, పక్క గల్లీ జాకబ్ పెళ్ళాం, ఎల్లుండి విమానం ఎక్కి గువాహటి పోతుందట!

అసలు అంతా ఆ పెట్టెలతో వచ్చింది. కరోనా పుణ్యమా అని ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి. ఖాళీగా ఉంచడం దేనికని కంపెనీవాళ్ళు వాటిలో మాస్కులు, డాక్టర్లు తొడుక్కునే సూట్లు, పరీక్ష కిట్లు పంపడం మొదలుపెట్టారు. కింద సామాన్ల గది నిండిపోయాక పైన మనుషులు కూర్చునే సీట్లలోనూ పెట్టెలు పెట్టమన్నారు. సీట్ల సంగతి తుడిచేవాళ్ళకే బాగా తెలుసు కాబట్టి ఆ పని వీళ్ళ మీద పడింది.

పడితే పడింది, పెట్టెలు కుదురుగా కూర్చోవే! సీటు బెల్టు వాటి చుట్టూ అందదు. తాళ్ళు కడితే సీటు గుడ్డ చిరుగుతుంది. సార్లంతా నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తుంటే, రూత్ వెనక అర తెరిచి, లావుపాటి ప్రయాణికుల కోసం ఉంచే అదనపు బెల్టు ముక్కలు తెచ్చింది. ఒకదానికొకటి తగిలించి, మూడు సీట్ల మీది పెట్టెలన్నింటినీ కలిపి బిగించేసింది. ఊపి చూశారు, కదల్లేదు. సార్లు చప్పట్లు కొట్టారు. ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు.

ఆ బెల్టు ముక్కల్ని పదకొండేళ్ళుగా తుడిచి పెడుతున్నది ఎవరు? భాగ్య. ఆ ఉపాయం తనకెందుకు తట్టలేదు? ఈ ప్రశ్నే ఆమెను కొరుక్కు తింటోంది.

ఆ సాయంత్రమే సూపర్‌వైజర్ అమరేందర్ అందరినీ నిలబెట్టి చెప్పాడు. "గువాహటిల దింపెటోళ్ళు లేరంట. బెల్టులు విప్పరాక సీట్లు చింపుతరు. మనోళ్ళల్ల ఒకరు ఎంబడి పోవాలె. ఒక్కటే సీటు. రూత్ పోతది."

రూత్ చెంపల మీద చేతులు పెట్టుకుని నవ్వింది. అందరితో పాటు భాగ్యా నవ్వింది. మూతికి మాస్కుండబట్టి బతికిపోయింది, లేకుంటే ఆ నవ్వు ఎంత అందంగా ఉందో అందరికీ కనబడేది.

ఇంటికొస్తే మొగుడు శివయ్య మరీ. పాపం, లాక్‌డౌన్‌లో ఆటో వాకిట్లో పడి ఉంది, చెయ్యడానికి పనిలేక మనిషి మాటలపోగయ్యాడు.

"రూత్ విమానమెక్కుతున్నదంట గదనే! జాకబ్ చెప్పిండు. మనూరి మీదికెల్లే పోతదా? పోతే డాబా ఎక్కి చెయ్యి ఊపుదాం."

"ఊపు, ఊపు. రెండు చేతులూ ఊపు," అని భాగ్య పళ్ళెం ఠపీమని అతని ముందు పెట్టింది. అన్నం తినబుద్ధి కాలేదు. తనకంటే పన్నెండేళ్ళు చిన్నది. చీపురు పట్టడం కూడా తనే నేర్పింది. ఇప్పుడది మేఘాల మీద కూర్చుని పోతుంటే తను డాబా మీద నిలబడి చూడాలా?

మర్నాడు పొద్దున కంపెనీ బండిలో ఎప్పటిలాగే ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. దూరం దూరంగా కూర్చోవాలని రూలుంది. డ్రైవర్ కిష్టా కూడా అరిచి అరిచి ఊరుకున్నాడు. ఊళ్ళో ముచ్చట్లన్నీ ఆ గంట ప్రయాణంలోనే కదా తెమిలేది. ఆరోజు మాత్రం భాగ్య కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

"ఏందక్కా, మాట్లాడుతలెవ్వు?"

"తలకాయ నొస్తున్నది."

"జర పండుకో మరి," అని రూత్ తన భుజం చూపించింది. అదీ మండింది భాగ్యకు. ఇప్పుడు భుజాలు కూడా ఇస్తుందా మహాతల్లి!

పనికి దిగేముందు రూత్ అమరేందర్ గదిలోకి పోయింది. కాసేపటికి నవ్వుకుంటూ బయటికొచ్చింది. సార్లకు దణ్ణాలు పెట్టుకోను పోయిందన్నమాట, అనుకుంది భాగ్య. తర్వాత విమానంలో క్రిములు చచ్చే మందు కొట్టారు. ఆ ఘాటుకు అందరికీ కళ్ళు మండాయి, గొంతు పట్టింది. రూత్ రెండుసార్లు దగ్గింది.

రెండే రెండుసార్లు. అది మందు ఘాటని భాగ్యకు తెలుసు. తనకూ దగ్గొస్తే బలవంతాన ఆపుకుంది. తెలిసి తెలిసీ ఆమె కాళ్ళు విమానం దిగి, మెట్లు దాటి, అమరేందర్ గది ముందు ఆగాయి. వద్దు, వెనక్కి పో అని మనసు చెబుతూనే ఉంది. నోరు వినలేదు.

"సార్, చెప్పొద్దనుకున్న గానీ అందరి పాణాల మీదికొస్తది. రూత్ దగ్గుతున్నది. మూడు దినాల సంది."

అమరేందర్ కుర్చీలోంచి లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. మాస్కు పైకి లాక్కున్నాడు. దవాఖాన గదికి ఫోన్ చేసి, రూత్‌ను పిలిపించి పరీక్ష చెయ్యమన్నాడు. భాగ్యకు భయమేసింది. కానీ లోపలెక్కడో చల్లగా కూడా ఉంది. అబద్ధమెందుకు, చాలా చల్లగా ఉంది.

ఫోన్ పెట్టేసి అమరేందర్ అడిగాడు, "బండిల రూత్ పక్కన ఎవరు కూసుంటరు?"

భాగ్య చూపు తిప్పుకుంది. "అందరం... దూరం దూరమే సార్."

"కిష్టా రోజూ నాకు చెప్తనే ఉన్నడు. నువ్వే గద? ఇగ నువ్వు గూడ ఇంటికే. పద్నాలుగు దినాలు బయటికి రావొద్దు." తల పట్టుకున్నాడు. "అయ్యో, రేపటికి నేను మళ్ళ ఎవల్ని ఎతకాలె? నీ పేరు రాసి పంపిన గదమ్మా!"

"నా పేరా? రూత్ పోతున్నది గద సార్?"

"పొద్దుగాల అచ్చి ఒకటే బతిమాలింది. మా అక్క పదకొండేండ్ల సంది సీట్లు తుడుస్తున్నది, ఒక్కనాడు ఎక్కి కూసోలె, ఆమెను పంపున్రి సార్ అన్నది. బెల్టులు విప్పుడు నేను నేర్పుత అన్నది. సరే అన్న. పైనుంచి పర్మిషన్ అచ్చినంక నీకు చెప్దామని ఆగిన. ఇప్పుడే అచ్చింది."

ఫోన్ తిప్పి చూపించాడు. ఇంగ్లీషు అక్షరాలు. తన పేరు మాత్రం గుర్తుపట్టగలదు. ఉంది, ఒక్కటే పేరు.

"సార్, దగ్గు లేదు సార్! అది మందు ఘాటు. నేనే ఉత్తగ చెప్పిన. నీ కాళ్ళు మొక్కుత, ఉత్తగ చెప్పిన."

అమరేందర్ జాలిగా చూశాడు. "సీటు పోతదని ఇప్పుడు మాట మారుస్తున్నవ్. నాకు సమజ్ గాదా? దగ్గు అన్న మాట నా చెవుల పడ్డంక నిన్ను విమానం ఎక్కియ్యగల్గుతనా, నువ్వే చెప్పు."

అబద్ధాన్ని చిటికెలో నమ్మిన మనిషి, నిజాన్ని ఏడ్చి చెప్పినా నమ్మలేదు. ఆ సీటు సామాన్లు మోసే హన్మంత్‌కు పోయింది.

మధ్యాహ్నం ఇద్దరినీ ఒకే బండిలో ఇంటికి పంపించారు. కిష్టా అద్దాలన్నీ దించేసి, వెనక్కి తిరగకుండా నడుపుతున్నాడు. రూత్‌ను ముందు వరసలో, భాగ్యను ఆ చివర కూర్చోబెట్టారు. పరీక్ష పుల్ల గుచ్చిన ముక్కును తుడుచుకుంటూ రూత్ వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, నాతోని నీ సీటు గూడ పోయింది. పాపిష్టిదాన్ని, గా దగ్గు నాకే రావాల్నా? సారు చెప్పిండా నీకు?"

భాగ్య తల ఊపింది.

"మల్లొక విమానం ఉంటదంట. అప్పుడు గూడ నిన్నే పంపమంట. ఫికర్ చెయ్యకు." ముక్కు మళ్ళీ తుడుచుకుని రూత్ అంది, "ఎవలు చెప్పిన్రో ఏమో, మూడు దినాల సంది దగ్గుతున్ననంట. నేనెప్పుడు దగ్గినక్కా? నువ్వు పక్కనే ఉంటవు గద."

బండి తుక్కుగూడ దాటింది. మాట్లాడకుండా ఊరుకుంటే సరిపోయేది. ఎప్పటికీ బయటపడదు. కానీ రూత్ ఆమెవైపే చూస్తోంది, నువ్వైనా చెప్పక్కా అన్నట్టు, పూర్తి నమ్మకంతో. నిన్నటిదాకా బెల్టు ఉపాయానికి కుళ్ళుకున్న భాగ్యకు, ఆ చూపు చూస్తే అంతకంటే ఎక్కువ కుళ్ళు పుట్టింది. ఇలా ఉండటం దీనికెట్లా వచ్చింది? తనకెందుకు రాలేదు?

"నేనే చెప్పిన," అంది.

కిష్టా బండి వేగం తగ్గించాడు. రూత్‌కు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"ఎందుకక్కా?"

"నువ్వు పోతున్నవని."

రూత్ ముందుకు తిరిగి కూర్చుంది. బొంగుళూరు గేటు వచ్చింది. అక్కడ బండి మలుపు తిరుగుతుంటే, ఇటు చూడకుండానే అంది.

"నేను పోనని సారుకు చెప్పి అచ్చిన గదక్కా."