ఒకటో నంబరు సభ్యురాలు

ఏడుగురు ఎక్కారు. ఎనిమిదో మనిషి వస్తే గాని ఆ తెల్ల వ్యాను కదలదు. స్ఫాక్స్ పట్నం లువాజ్ స్టాండులో, అంటే షేర్ వ్యాన్లు ఆగేచోట, ఎవరు ఎంత తొందరపడినా పద్ధతి అదే. షాద్లీ ఎప్పటిలాగే వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని, లాప్‌టాప్ సంచీ ఒళ్లో పెట్టుకుని, దాని మీద రొట్టె పొట్లం విప్పాడు. సగం రొట్టె, లోపల హరిస్సా కారం, కాస్త ట్యూనా చేప. తినేటప్పుడు రొట్టె పొడి సంచీ మీద పడకుండా ఎడమ చెయ్యి గడ్డం కింద పట్టడం ఆయనకి అలవాటు. ఇవాళ ఆ చెయ్యి బరువుగా ఉంది. సంచీ పట్టీ ఒరుసుకుని ఉంటుందనుకున్నాడు.

"సీ షాద్లీ, ఇరవై ఏళ్ల నుంచి ఎక్కించుకుంటున్నా, ఆ సంచీలో ఏముందో ఒక్కనాడూ చూపించలేదు," అన్నాడు డ్రైవరు బుబకర్, అద్దంలోంచి చూస్తూ. సీ అన్నది అక్కడ పెద్దవాళ్ల పేరు ముందు మర్యాదకి చేర్చే మాట.

"పేర్లు. ఊళ్లో వాళ్ల పేర్లు."

"పేర్లకేనా అంత భద్రం? నేనింకా పెళ్లాం నగలేమో అనుకున్నా."

ముందు సీటు వాళ్లు నవ్వారు. షాద్లీ కూడా నవ్వి, రొట్టె నమలడం మొదలుపెట్టాడు. ఇంతలో కోడిపుంజును చంకన పెట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. ఎనిమిది నిండాయి. వ్యాను బీర్ అలీ దారి పట్టింది.

షాద్లీకి అరవై ఏళ్లు. బక్కపలచటి మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులు, గుర్తింపు కార్డు. కళ్లద్దాల ఒక కాడకి దారం చుట్టి ఉంటుంది. పళ్ల డాక్టరు క్లినిక్ పై అంతస్తులో రెండు గదుల ఆఫీసు ఆయనది. ఆయనదంటే, ఇంతిసార్‌ది. తండ్రి పెట్టిన సంస్థను ఇప్పుడు ఆమె నడుపుతోంది. అక్కడ ఉన్నది ముగ్గురే: ఇంతిసార్, ముప్పై ఏళ్ల గైత్, షాద్లీ. బజార్లో దొరికే ప్రోగ్రాములు ఎవరికి అతకవో వాళ్లకి, వాళ్ల పనికి సరిపడే డేటాబేసు రాసివ్వడం వీళ్ల పని. చేపల వేలంపాట వాళ్లకి ఒకటి, డ్రైవింగ్ స్కూలుకి ఒకటి, పురపాలక గ్రంథాలయానికి ఒకటి. షాద్లీ ఏ ఊరు వెళ్లినా ముందు ఒక పూట గుమాస్తా పక్కన కూర్చుని, అతను పుస్తకంలో ఎలా రాస్తున్నాడో, ఎక్కడ ఆగుతున్నాడో, ఏ గడి ఖాళీగా వదిలేస్తున్నాడో చూసేవాడు. ఆ తర్వాతే ఒక్క పట్టికైనా గీసేది. గైత్‌కి అదంతా చాదస్తం. ప్రశ్నల చీటీ మెయిల్ చేస్తే సరిపోదా అంటాడు. కుర్రాడు మంచివాడే, పని బాగా తెలిసినవాడే. ఆ మాట షాద్లీయే అంటాడు.

షాద్లీ రాసిన పాత ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటిగా గైత్ రాసిన కొత్తవాటిలోకి వెళ్లిపోయాయి. మిగిలింది బీర్ అలీ ఆలివ్ రైతుల సహకార సంఘం ఒక్కటే. అది ఇవాళ మారుతుంది. గురువారంనాడు ఇంతిసార్ ఆయన బల్ల దగ్గరికి వచ్చి, గోడ వైపు చూస్తూ చెప్పింది: "సోమవారం నుంచి ఇంటి పట్టున ఉండండి సీ షాద్లీ. అవసరం పడితే నేనే పిలుస్తా." ఆయన సరేనన్నాడు. తన కాఫీ కప్పు కడిగి బోర్లించి వచ్చాడు.

అయితే ఆయన గుండెలో గుబులుకి కారణం ఉద్యోగం కాదు.

ఇరవై రెండేళ్ల కిందట ఈ సంఘం ప్రోగ్రాము రాస్తున్నప్పుడు, పని చేస్తుందో లేదో చూడ్డానికి పట్టికలో ఒక ఉత్తుత్తి పేరు వేయాల్సి వచ్చింది. ఈ పనిలో ఉన్నవాళ్లు అలాంటిచోట నోటికి తిరగని అక్షరాలేవో నాలుగు కొట్టేస్తారు. షాద్లీ మాత్రం మబ్రూకా అని కొట్టాడు. ఆ వసంతంలోనే పోయింది మబ్రూకా. నాలుగేళ్ల కాపురం, పిల్లల్లేరు. కాయలేరే కూలీల పిల్ల. పుట్టిన దగ్గర్నుంచీ ప్రతి చలికాలం ఎవరో ఒకరి చెట్ల కింద గుడారం వేసుకుని పెరిగింది. పెళ్లయి పట్నం వచ్చాక కూడా, అద్దె ఇంటి మెట్ల మీద కూర్చుని, "మనకంటూ నాలుగు చెట్లుంటే ఎంత బాగుండేదో" అనేది. అందుకని, చెట్లు ఎన్ని అన్న గడిలో షాద్లీ నలభై అని వేశాడు. ఎలాగూ ఉత్తుత్తిదే కదా, నాలుగేం ఖర్మ, నలభై వేద్దామనుకున్నాడు.

తర్వాత తీసేయడం మరిచిపోయాడు. మర్నాటికి సంఘం కార్యదర్శి లజ్‌హర్ జాబితా అచ్చు తీయించి, నూట నలభై నాలుగు డబ్బాల మీద వరుసగా నంబర్లు రాయించేశాడు. ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా గానుగ తిరిగిన మొదటి రోజు, తొలి నూనె అయిదేసి లీటర్లు సభ్యులందరికీ నంబరు వరసన నింపుతారు. ఆ ఏడాది అందరి డబ్బాలూ వెళ్లిపోయాయి, ఒకటో నంబరు డబ్బా అలమరలో మిగిలిపోయింది.

"ఈ మబ్రూకా ఎవరు? రాలేదే?" అని అడిగాడు లజ్‌హర్.

పొరపాటు నాదేనని చెబుదామని నోరు తెరిచాడు షాద్లీ. నోట్లోంచి వచ్చింది మాత్రం "వస్తుంది" అన్న మాట.

ఏటా ఒకటో డబ్బా నిండుతూనే ఉంది. కాయల కాలం ముగిసేదాకా అలమరలో ఉండి, తర్వాత ఆమె పేరు మీదనే మసీదుకి పోతోంది. ఆ తర్వాత షాద్లీ రాసిన ప్రతి ప్రోగ్రాములోనూ మొదటి పేరు మబ్రూకాదే. గ్రంథాలయంలో ఆమె పేరున సభ్యత్వం ఉండేది. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్చుకునేవాళ్లలో ఆమె ఉండేది. గైత్ కొత్తవి పెట్టినప్పుడల్లా చెత్త ఏరేసినట్టు ఆ పేరు ఏరేశాడు. అతని తప్పేం లేదు, పని అలాగే చెయ్యాలి. శ్మశానంలో ఆమె సమాధి రాయి మీది అక్షరాల్ని సముద్రపు ఉప్పుగాలి ఎప్పుడో తినేసింది. ఇవాళ ఈ ఒక్క వరుసా పోతే, మబ్రూకా అనే మనిషి ఉండేదని చెప్పే కాగితం గాని తెర గాని ఇంకెక్కడా ఉండదు.

బీర్ అలీలో లజ్‌హర్ గది గానుగ పక్కనే. అక్కడ గోడలు కూడా నూనె వాసన వేస్తాయి. లజ్‌హర్ లావుగా, మెల్లగా కదిలే మనిషి. ఆయనకి షాద్లీ అంటే ఇష్టం, కంప్యూటర్ అంటే కోపం. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కొత్త ప్రోగ్రాములోకి పేర్లు తరలించారు. అన్నీ వెళ్లాయి, మూడు ఎర్రగా ఆగిపోయాయి. ఎనిమిదంకెల గుర్తింపు కార్డు నంబరు లేని పేరును కొత్తది లోపలికి రానివ్వదు.

యాభై ఏడో నంబరుదీ, నూట మూడో నంబరుదీ లజ్‌హర్ పాత పుస్తకాలు తిరగేసి పట్టుకొచ్చాడు. ఇంకొకటి మిగిలింది.

ఫోను మోగింది. గైత్. "ఇంకొకటి ఎర్రగా కనబడుతోంది. ఒకటో నంబరు. మీరు వేసిన టెస్ట్ రికార్డేగా అది? తీసెయ్యండి. గంటలో పాతది మూసేస్తున్నా."

"చూస్తున్నా నాయనా," అని షాద్లీ ఫోను బల్ల మీద బోర్లించాడు.

వేలు చెరిపేసే మీట మీదకి వెళ్లింది, ఆగింది. ఇరవై రెండేళ్లుగా ఎందరో గుమాస్తాలకి చెప్పాడాయన, పట్టికలో అబద్ధం పెట్టకండి, అది ఏనాటికైనా మీ మెడకే చుట్టుకుంటుందని. లజ్‌హర్ కిటికీ వైపు తిరిగి, ఎవరితోనో అన్నట్టు అన్నాడు:

"పోయినేడు ప్రెసిడెంటు గుచ్చి గుచ్చి అడిగాడు, ఈ మబ్రూకా ఎవరయ్యా, ఎప్పుడూ కనబడదని. ట్రిపోలీలో తమ్ముడి దగ్గరుందని చెప్పా. నోటికేదొస్తే అది చెప్పేశా."

షాద్లీ తల తిప్పి చూశాడు. లజ్‌హర్ ఇంకా కిటికీలోంచే చూస్తున్నాడు. అంటే ఈయనకి ముందే తెలుసన్నమాట, ఎన్నేళ్ల నుంచో మరి.

ఖాళీ గడిలో తన కార్డు నంబరే కొట్టాడు. ఎనిమిది అంకెలూ చూడకుండానే వచ్చాయి. ఎర్ర గీత పోయి వరుస పచ్చబడింది.

ఫోను మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "అయిందా?" అన్నాడు గైత్.

"అయింది. ఎర్రవేం లేవు, చూసుకో."

"తీసేశారుగా?"

"చెప్పానుగా, ఎర్రవేం లేవని," అని ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నం గానుగ తిరిగింది. తొలి ధార ఆకుపచ్చగా, చిక్కగా వచ్చింది. కొత్త పద్ధతి ప్రకారం డబ్బా మీద అతికించే చీటీ కంప్యూటరే అచ్చు వేస్తుంది: నంబరు ఒకటి, మబ్రూకా, నలభై చెట్లు. డబ్బా కావాలంటే కార్డు చూపించాలి. లజ్‌హర్ ఒకటో డబ్బా నింపి, మూత బిగించి, అలవాటుగా అలమర వైపు నడిచాడు.

షాద్లీ జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

లజ్‌హర్ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. కళ్లద్దాలు తగిలించుకుని, కార్డు మీద ఒక అంకె, తెర మీద ఒక అంకె పైకే చదువుతూ ఎనిమిదీ సరిచూశాడు. కార్డు మీద పేరు కూడా చూశాడు. చాలాసేపే చూశాడు.

"సరిపోయింది," అన్నాడు. "ఇన్నాళ్లకి వచ్చిందా ఆవిడ? సంతకం పెట్టమను."

షాద్లీ పెన్ను తీసుకుని, వంకర అక్షరాలతో మబ్రూకా అని రాశాడు. ఆమె అలాగే రాసేది.

నాలుగింటికి స్ఫాక్స్ వెళ్లే వ్యాన్లలో బుబకర్ వంతు. షాద్లీ వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఈసారి సంచీ కాళ్ల దగ్గర, డబ్బా ఒళ్లో.

"పేర్లు కింద పడేసి నూనె నెత్తికెక్కించుకున్నావే," అన్నాడు బుబకర్.

"ఇవాళ దీని వంతు."

దారికి రెండు పక్కలా చెట్ల వరుసలు. కింద వలలు పరిచారు. నిచ్చెనల మీద ఆడవాళ్లు కాయలు దూస్తున్నారు. ఒక తోటలో చెట్లు మిగతావాటికన్నా గుబురుగా కనిపించాయి. ఇదే అయ్యుంటుంది అనుకుని, షాద్లీ ఆ తోట చెట్లు లెక్కపెట్టసాగాడు. ఎడమ చెయ్యి మళ్లీ లాగుతోంది. డబ్బాని కుడిచేత్తో దగ్గరికి తీసుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది. ముప్పై ఒకటి దాకా లెక్క వచ్చింది. తర్వాత తల అద్దానికి ఆన్చాడు. నిద్ర పట్టిందనుకుని పక్కనున్న పెద్దమనిషి తన భుజం కాస్త పక్కకి జరిపాడు.

స్ఫాక్స్‌లో అందరూ దిగిపోయారు. "సీ షాద్లీ, ఊరొచ్చింది," అన్నాడు బుబకర్. రెండోసారి కూడా అన్నాడు. తర్వాత వెనక తలుపు తీసి, భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి అలాగే ఉంచేశాడు.

చీకటి పడేసరికి ఇంతిసార్, గైత్ వచ్చారు. అప్పటికే ఆసుపత్రి బండి వచ్చి వెళ్లింది. ఇంతిసార్ కళ్లు ఎర్రబడ్డాయి. స్టాండు గుమాస్తా ఒక కాగితం ముందు పెట్టుకుని అడిగాడు: "ఆయనకి ఎవరున్నారమ్మా?"

ఇంతిసార్ ఆలోచించింది. పదిహేనేళ్లు ఒకే గదిలో పని చేసింది. "భార్య ఉండేదట. ఎప్పుడో పోయింది," అంది.

"పేరు?"

ఆమె గైత్ వైపు చూసింది. గైత్‌కీ తెలియదు. లాప్‌టాప్ సంచీని అతను గుండెకి హత్తుకుని పట్టుకున్నాడు. ఆ పాతదాన్ని వాళ్లెవరూ ఏనాడూ మొయ్యలేదు.

బుబకర్ వ్యానులోంచి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది కూడా ఆయన దగ్గరే ఉంది."

ఇంతిసార్ చీటీ చదివింది. "మబ్రూకా, నలభై చెట్లు. ఆయనది కాదిది. ఎవరో రైతమ్మ తెచ్చిపెట్టమని ఉంటుంది. ఆయనెవరికీ కాదనేవాడు కాదుగా. ఉంచండి, ఆవిడే వెతుక్కుంటూ వస్తుంది."

గైత్ ఏదో అనబోయాడు. ఆ పేరు దగ్గర, ఒకటో నంబరు అన్న అంకె దగ్గర అతని చూపు ఆగింది. కాని ఆ వరుసని చెరిపేశారు కదా, ఇదెవరో వేరే మనిషి అనుకుని ఊరుకున్నాడు.

గుమాస్తా టిక్కెట్ల కిటికీ పక్కనున్న చెక్క మీద జాగా చేశాడు. అక్కడ ఎవరో మరిచిపోయిన గొడుగూ, ఒంటి చెప్పూ ఉన్నాయి. వాటిని పక్కకి నెట్టి, వచ్చే మనిషికి దూరం నుంచే కనబడాలని, పేరున్న వైపు బయటికి తిప్పి, అయిదు లీటర్ల డబ్బా అక్కడ పెట్టాడు.