ఒక ఏడాది ముందు పుట్టిన సర్టిఫికెట్

నేను ఒక బీటెక్ డిగ్రీ సర్టిఫికెట్‌ను. మందపాటి కాగితం, అంచుల్లో ఆకుపచ్చ లతలు, పైన యూనివర్సిటీ చిహ్నం, కింద వైస్ ఛాన్సలర్ సంతకం. మధ్యలో ఎనగందుల జమున, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, ప్రథమ శ్రేణి అని ఉంటుంది. ఇంత స్పష్టంగా రాసి ఉన్నా నేనేమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నా కథ చెబుతాను. మీకేమైనా అర్థమైతే సంతోషం.

పుట్టిన రోజున నాకు ఏ అనుమానమూ లేదు. జమున నన్ను కోరుట్లలోని ఇంటికి తీసుకెళ్ళింది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. తండ్రి గంగారాం పదకొండేళ్ళు గల్ఫ్‌లో కట్టడాల దగ్గర పనిచేసి వచ్చినవాడు. నన్ను ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని, పూర్తిగా ఆరేదాకా ఆగాడు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపుకు తీసుకెళ్ళి లామినేషన్ చేయించాడు.

“ఆడ చెమటకు నా కాయితాలన్నీ పిండి పిండైనయి. దీనికి అట్ల గావద్దు,” అన్నాడు ఇంటికొచ్చి.

జమున ఎంతో సంతోషించింది. ఆమెకూ తెలియదు. ఆ ఇంట్లో అంతకుముందు ఒక సర్టిఫికెట్ ఉండి ఉంటే కదా, దాన్ని ఏం చేయకూడదో తెలిసేది. ఆరేళ్ళు నేను ప్లాస్టిక్‌లోంచి లోకాన్ని చూశాను. ఆ ఆరేళ్ళూ జమున సబ్‌స్టేషన్లు కట్టే కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరు. బ్రేకర్ ఎందుకు ట్రిప్ అవుతోందో ఆమెను అడిగేవారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

తరువాత గల్ఫ్‌లోని ఒక దేశం నుంచి ఆమెకు సబ్‌స్టేషన్ ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. షరతు ఒక్కటే. అక్కడి ఇంజనీర్ల సంఘం నన్ను పరిశీలించి ఆమెను ఇంజనీరుగా నమోదు చేసుకోవాలి. అప్పుడే వీసా మీద ఆ మాట పడుతుంది. గడువు నాలుగు నెలలు. ఆ మాట విలువ కూతురికంటే తండ్రికే బాగా తెలుసు.

“నాకు మేస్త్రి పని వచ్చు. వీసా మీద హెల్పర్ అని రాసిన్రు. గోడ నేను కడితె మేస్త్రి అని ఇంకొకన్ని పిలిచిన్రు. ఆడ కాయితం మీద ఏముంటె నువ్వు గదే బిడ్డా,” అన్నాడు.

తండ్రీకూతుళ్ళు నన్ను హైదరాబాదు తీసుకెళ్ళారు. విదేశాలకు పంపే సర్టిఫికెట్లకు ప్రభుత్వ ముద్రలు వేయించిపెట్టే ఏజెన్సీ నడిపే సాదిక్ భాయ్ నన్ను వేలితో టకటకా కొట్టి చూశాడు.

“ముద్ర దీని వెనక పడాలమ్మా. ప్లాస్టిక్ మీద ఎట్ల పడ్తది? వారానికి నలుగురు వస్తరు నీలాంటోళ్ళు. అందరికీ నాయినలే చేపిస్తరు.”

గంగారాం తల వంచుకున్నాడు. సాదిక్ భాయ్ వేడి గాలి కొట్టి, అంగుళం అంగుళం ప్లాస్టిక్ ఒలిచాడు. చివర్లో సంతకం తోక ఒకటి ప్లాస్టిక్‌తోపాటే ఊడిపోయింది. అది చూసి గంగారాం బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

హైదరాబాదులో ఒక ముద్ర, ఢిల్లీలో ఒకటి, ఎంబసీలో ఇంకొకటి. చిరిగిన సంతకం తనదేనని యూనివర్సిటీ కూడా ఉత్తరం ఇచ్చింది. నేను నిజమైనదాన్నేనని అందరూ ఒప్పుకున్నారు. దేనికి పనికొస్తానో మాత్రం ఒక్క ముద్రా చెప్పలేదు.

అది సంఘం చెప్పింది. జమున టెక్నీషియన్ అట.

“నా ప్లాస్టిక్ తోటే ఇట్లయింది,” అన్నాడు గంగారాం.

“కాదు బాపూ. మా కాలేజీ కోర్సుకు వాళ్ళు ఒప్పుకునే గుర్తింపు నేను పాసైన తర్వాతి ఏడు వచ్చింది. నాది ముందటి బ్యాచ్.”

“గదే కాలేజీయేనా?”

“గదే.”

“పుస్తకాలు?”

“గవ్వే.”

“సార్లు?”

“వాళ్ళే బాపూ.”

“మరి? నేను బాధపడుతనని జెప్తున్నవ్ నువ్వు.”

నాకూ అర్థం కాలేదు. మరుసటి ఏడాది అచ్చయిన నా చెల్లెలికీ నాకూ తేదీలో తప్ప తేడా లేదు. ఆ చెల్లెలు ఉన్నది జమున జూనియర్ రచన దగ్గర. అదే సంఘానికి దరఖాస్తు పెట్టిన రచన ఫోన్ చేసింది.

“అక్కా, నాకు ఇంజనీర్ అనే వచ్చింది. నీ నోట్సే చదివిన గద, గిదేంది?”

“నా నోట్సుకు గుర్తింపు ఉన్నట్టుంది. నాకే లేదు,” అంది జమున.

కంపెనీ వాళ్ళు మర్యాదగానే చెప్పారు. “పని అదే మేడమ్, వీసా మీద పేరే వేరు. టెక్నీషియన్‌గా వచ్చేయండి.” జమున రెండు రోజులు ఆలోచించింది. గంగారాం పొమ్మనలేదు, వద్దనలేదు, అన్నం దగ్గర మాత్రం సగంలోనే లేచాడు. మూడో రోజు ఆమె పునఃపరిశీలనకు దరఖాస్తు పెట్టింది. నాలుగేళ్ళ సిలబస్, ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చెప్పారో లెక్క, చేసిన పనుల వివరాలు, మొత్తం రెండు వందల పన్నెండు పేజీలు. నేను అందులో ఒక పేజీని.

ఆపైన లాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ. తెర మీద సంఘం తరఫున ముగ్గురు పెద్దమనుషులు, ఇటు జమున, కెమెరాకు కనబడకుండా మంచం మీద గంగారాం. మధ్యాహ్నం లోడు పెరిగినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఆగిపోతే మొదట ఏం చూస్తావని అడిగారు. ఆమె కాగితం లాక్కుని బొమ్మ గీసి తెరకు చూపించింది. నన్ను చూపిస్తుందేమోనని నేను అంచులు సరిచేసుకున్నాను. నా వంతు రాలేదు.

“సంతకం చిరిగిందని ఏమన్నరు?” అయిపోగానే గంగారాం అడిగాడు.

“దాని మాటే రాలేదు బాపూ. గంటన్నర ట్రాన్స్‌ఫార్మర్ గురించే అడిగిన్రు. నువ్వు గీడనే కూసున్నవ్ గద.”

“ఇంగ్లీషుల మాట్లాడితిరి. నాకేమెరుక.”

పన్నెండు రోజులకు జవాబు ఆమె ఫోన్‌కు మెయిల్‌లో వచ్చింది. ఇంజనీర్.

నన్ను చూసి కాదన్నారు. ఆమెను చూసి అవునన్నారు. మరి నాలుగేళ్ళ చదువుకు సాక్ష్యం నేనా, ఆమె గీసిన ఆ బొమ్మా? బల్ల మీద పడుకుని ఇదే ఆలోచిస్తున్నాను.

గంగారాం దగ్గరికొచ్చి, “ఏది, ఆ మాట యాడున్నది?” అన్నాడు. జమున చూపించింది. అతను చేయి లుంగీకి తుడుచుకుని, తెర మీద ఆ మాటపై వేలు పెట్టాడు. వేలు తగిలి అక్షరాలన్నీ సర్రున పైకి జరిగిపోయాయి. చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

“పోలే బాపూ,” అంది జమున, మళ్ళీ కిందికి తెస్తూ. “ఇది నువ్వు ముట్టుకున్నా పోదు.”