మైకులో చెప్పిన ధర

థోంగ్‌కి మోటారుసైకిలు లేదు. అయినా అక్క ఖుయెన్ కొట్టుకి వచ్చి ఇంకో నలభై మీటర్ల బ్రేకు తీగ కొయ్యమన్నాడు.

ఖుయెన్ చేతిలోని కటింగ్ ప్లయర్ ఆగిపోయింది. లావోస్ సరిహద్దు కొండల కింద ఇరవై ఏళ్లుగా ఆమెది ఇనుప సామాన్ల కొట్టు. నెలకు రెండు చుట్టలు కదలని తీగ ఈ వారంలో ఏడు చుట్టలు పోయింది. గిరాకీ చూసి మురిసిందే కాని, ఎందుకని అడగలేదు. మొన్న తమ్ముడు తీసుకున్నది కూడా కంచెకు కాబోలనుకుంది.

"ఎందుకురా ఇంత తీగ?"

"ఉచ్చులకి. ఊరి మైకులో వినలేదా? కొండ మీద తిరిగే అలుగు పొలుసులు పట్నంలో కిలో ఎన్ని లక్షల డాంగులట! మనమే తెలీక కూర్చున్నాం ఇన్నాళ్లూ."

"పట్టుకుంటే జైలని కూడా చెప్పారు కదరా!"

"చెప్పారా? అప్పటికి నేను పొలం దారి పట్టేశా." నవ్వాడు. "మొన్నటి నలభై కొండ మీద కట్టేశా. కొయ్యి అక్కా, పొద్దెక్కుతోంది."

"నా కొట్లో నీకు తీగ లేదు. పో."

"పక్క ఊళ్లో కొట్లు లేవా ఏంటి!" అంటూ వెళ్లిపోయాడు.

పోయినేడు పక్కింటి హోయ్‌ని ఇలాగే అలుగుల్ని పట్టాడని పోలీసులు పట్టుకెళ్లారు. అయిదేళ్లు వేశారు. సరుకు కొన్నవాడి పేరు కూడా ఎవరికీ తెలియలేదు. ఖుయెన్‌కి కడుపు మండిపోయింది. తమ్ముడి మీద కన్నా ఆ మైకు మీద.

సాయంత్రం అయిదుకు ఆమె ఊరి పాలన చూసే కమ్యూన్ ఆఫీసులో ఉంది. రోజూ ఊరందరికీ మైకులో ప్రకటనలు చదివే పియెంగ్ అప్పుడే మైకు సర్దుకుంటున్నాడు.

"ఆ కాగితం చదవకు."

"పైనుంచి ముద్ర పడి వచ్చింది అక్కా. అడవి జంతువుల్ని కాపాడమనే కదా!"

"కాపాడమనా? ముందు ధర, తర్వాత భయం! ధర విన్నాక ఇంకేమైనా చెవికెక్కుతుందా? నా పలుగుల గురించి నువ్విలా వారం రోజులు అరిస్తే ఊళ్లో ఒక్క పలుగు మిగలదు. దొంగసరుకు కొనేవాళ్లకు ఊరికే దండోరా వేసిపెట్టావు కదరా!"

"అక్షరం మారిస్తే నా ఉద్యోగం పోతుంది."

"నువ్వు మార్చకు. లే."

కుర్చీ లాక్కుని మైకు ముందు కూర్చుంది. పియెంగ్ తలుపు వైపు చూశాడు కాని మైకు ఆపలేదు.

"నేను ఖుయెన్‌ని, కొట్టు ఖుయెన్‌ని. మీరు విన్నది పట్నం ధర. దాన్లో పదో వంతు కూడా మీ చేతికి రాదు. సరుకు కొనడం, అమ్మడం నాకు తెలుసు, నా మాట నమ్మండి. పోలీసులు వచ్చేసరికి కొన్నవాడు ఉండడు, మీరుంటారు. హోయ్ పెళ్లాన్ని అడగండి. ఈ వారం ఉచ్చులకు తీగ కోసిచ్చిన చేతులు నావే, సిగ్గుగా ఉంది. వెనక్కి తెస్తే డబ్బు తిరిగిస్తాను. రేపు ఈ వేళకు తేనివాళ్ల పేర్లు ఇదే మైకులో చదువుతాను. మొదటి పేరు ఇప్పుడే వినండి. నా తమ్ముడు థోంగ్. నలభై మీటర్లు."

తెల్లవారేసరికి కొట్టు మెట్ల మీద ఎవరెవరివో తీగ చుట్టలు పడి ఉన్నాయి. వాటిని తన్నుకుంటూ థోంగ్ వచ్చాడు.

"ఊరంతా నవ్వుతోంది! నువ్వసలు అక్కవేనా?"

"జైలుకు అన్నం మోసుకురావాల్సింది నేనే కదరా. ఎన్ని కట్టావు?"

థోంగ్ పళ్లు నూరాడు. "ఇరవై ఆరు."

ఆమె కొట్టు తలుపు మూసింది. "నడువు."

కొండ దారి పొడుగునా తిట్టింది. మధ్యాహ్నానికి ఇరవై అయిదు ఉచ్చులు విప్పారు. అన్నీ ఖాళీవే. చివరిది ఎక్కడ కట్టాడో థోంగ్‌కి గుర్తు రాలేదు.

"ఒక్కటే కదా, పోనీ అక్కా. వర్షమొస్తోంది."

"ఒక్కటి చాలదట్రా, ఒక ప్రాణం పోవడానికీ, నువ్వు జైలుకు పోవడానికీ?" ఖుయెన్ బండరాయి మీద కూలబడింది. "గుర్తు తెచ్చుకో. అంతదాకా ఇద్దరం కొండ దిగేది లేదు."