నడిమి సీటు

కోహీర్ శరణమ్మకూ న్యాల్‌కల్ బస్వమ్మకూ మాటల్లేక ఏడాది దాటింది. ఇద్దరూ వియ్యపురాళ్లు. శరణమ్మ బిడ్డ శ్రుతిని బస్వమ్మ కొడుకు వినయ్‌కి ఇచ్చారు. ఆ పెళ్లి జహీరాబాద్ ఫంక్షన్ హాల్లో జరిగింది. రెండో బంతికే పోలెలు, అంటే బొబ్బట్లు, అయిపోయాయి. "పిలిచేటప్పుడు నోరు పెద్దగున్నది, పెట్టేటప్పుడు చెయ్యి చిన్నగైంది" అని బస్వమ్మ ఎవరితోనో అన్నది. ఆ మాట నలుగురి నోళ్లు దాటి శరణమ్మ చెవిన పడేసరికి దానికి ఇంకాస్త కారం అంటుకుంది. అప్పటినుంచి ఆమె అడిగేదీ ఈమె చెప్పేదీ అంతా పిల్లల ఫోన్ల మీదనే.

వినయ్‌కి అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం. శ్రుతికి తొమ్మిదో నెల. తొలి కాన్పు పుట్టింట్లో కావాలని శరణమ్మ ఇల్లంతా సున్నం వేయించింది గానీ, ఈ నెలల్లో విమానం ఎక్కొద్దని అక్కడి డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది. "బిడ్డ రాకుంటే నేనే పోత" అన్నది శరణమ్మ. "కోడలి కాన్పుకు అత్త లేకుంటే ఎట్ల?" అన్నది న్యాల్‌కల్‌లో బస్వమ్మ. వినయ్ ఇద్దరికీ ఒకే విమానానికి టికెట్లు తీసి, ఆ ముచ్చట మాత్రం ఆఖరికి బయటపెట్టాడు.

డిసెంబరు చలి. శరణమ్మ కొడుకు రాకేశ్ ఇద్దరినీ కారులో శంషాబాద్ దాకా తీసుకుపోయాడు. ఇద్దరూ స్వెట్టర్ల మీద శాలువాలు కప్పుకుని, చెవులకు మఫ్లర్లు చుట్టుకుని, దారి పొడుగునా చెరో కిటికీలోంచి బయటికే చూశారు. విమానాశ్రయం గేటు దగ్గర రాకేశ్ తల్లి చెవిలో చెప్పాడు.

"అమ్మా, అత్తమ్మకు కిటికీ సీటు, నీకు దారి పక్క సీటు. నడిమి సీటు వేరేవాళ్లది. నీకేం ఫికర్ లేదు."

కొడుకు తెలివికి శరణమ్మ మురిసిపోయింది.

విమానం లోపలికి వెళ్లాక ఆ మురిపెం కొంచెం తగ్గింది. బీదర్ బస్సు ఇంతకన్నా నయం, కాళ్లన్నా జాపుకోవచ్చు. ఇక్కడ మోకాళ్లు ముందు సీటుకు ఆనుతున్నాయి. శాలువా విప్పుదామంటే మోచెయ్యి లేపే జాగా లేదు. కాళ్ల దగ్గర సంచి ఉంది. అందులో బాలింత కోసం దంచి తెచ్చిన పొడులు ఉన్నాయి.

నడిమి సీటులోకి ఒక భారీ మనిషి వచ్చి కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి. మెడ చుట్టూ గుండ్రటి మెత్త దిండు. పేరు చెన్నబసప్ప. ఊరు బీదర్. పోర్ట్ బ్లెయిర్‌లో మిఠాయి దుకాణం. కూర్చుంటూనే ఈ సంగతులన్నీ తనే చెప్పి, "ఇగ నేను పడుకుంట అక్కా, దిగినంక లేపున్రి" అని కళ్లు మూసుకున్నాడు.

ఆయన నిద్ర ఎక్కువసేపు సాగలేదు. విమానం పైకి లేచి సర్దుకోగానే బస్వమ్మ జొన్నరొట్టెలు, పల్లీల కారం బయటికి తీసింది. ఆ వాసనకే ఆయన లేచాడు.

"అన్నా, మీరు తినున్రి" అని ఒక రొట్టె ఆయన చేతిలో పెట్టి, ఇంకో రొట్టె చూపించింది బస్వమ్మ. "ఇది ఆమెకు ఇయ్యున్రి. ఎప్పుడు తిన్నదో ఏమో."

"నాకు ఆకలి లేదని చెప్పున్రి" అన్నది శరణమ్మ. నిజానికి కడుపు కాలుతోంది.

"మీరిద్దరు ఒకరికొకరు తెల్వదా?" అడిగాడు చెన్నబసప్ప.

"వియ్యపురాలు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆయనకు అంతా అర్థమైంది. రెండు రొట్టెలూ తనే తిన్నాడు.

కిందంతా సముద్రం. కాసేపటికి బస్వమ్మ మళ్లీ అందుకుంది.

"అన్నా, జర ఆమెకు చెప్పున్రి. బాలింతకు మొదటి దినం నుంచే ఎల్లిగడ్డ కారం పెట్టాలె. మా ఇంట్ల అందరికి గట్లనే పెట్టిన."

"నా బిడ్డకు ఏం పెట్టాలెనో నాకు ఎరికే అని చెప్పున్రి."

చెన్నబసప్ప కిటికీ వైపు తిరిగాడు. "అక్కా, వాళ్లేమంటున్రంటే, మీరు పెద్దోళ్లు, మీరు ఎట్ల చెప్తె గట్లనే చేద్దాం అంటున్రు."

"నేను గట్ల అన్ననా?" అన్నది శరణమ్మ.

"అనలే అక్కా. అంటె మంచిగుంటదని నేనే అన్న."

బస్వమ్మ నవ్వు ఆపుకోలేక మొహం కిటికీకి తిప్పింది. అద్దంలో ఆ నవ్వు శరణమ్మకు కనబడింది. తనకూ వచ్చిన నవ్వును దగ్గులో కలిపేసింది.

ఇంకాస్త దూరంలో పోర్ట్ బ్లెయిర్ ఉందనగా మబ్బులు కమ్ముకున్నాయి. విమానం ఒక్కసారి కిందికి జారి మళ్లీ ఎగిసింది. ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు. శరణమ్మ కళ్లు గట్టిగా మూసుకుని చేతికి దొరికింది పట్టుకుంది. విమానం అట్లనే ఊగుతూ చక్కర్లు కొడుతోంది. కొంతసేపటికి చెన్నబసప్ప గొంతు మెల్లగా వినబడింది.

"అక్కా, నా కుడిచెయ్యి మీ దగ్గరుంది, ఎడమచెయ్యి వాళ్ల దగ్గరుంది. నాకు ముక్కు దురద పెడుతున్నది."

శరణమ్మ కళ్లు తెరిచి చూసింది. అటువైపు బస్వమ్మ కూడా ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని వణుకుతోంది. మనిషి మొహం తెల్లగా పాలిపోయింది. ఫంక్షన్ హాల్లో అంత మాట అన్న మనిషి ఇట్లా చిన్నపిల్లలా ఉంటుందని శరణమ్మ ఎన్నడూ అనుకోలేదు.

గాలివాన వల్ల దిగడం కుదరదని, విమానం చెన్నైకి పోతోందని పైలట్ చెప్పాడు. మబ్బులు దాటి విమానం నిలకడగా సాగాక చెన్నబసప్ప లేచాడు.

"అక్కా, జర మీరు ఇటు జరుగున్రి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోన్రి, నన్ను ఇడువున్రి."

కాదనడానికి ఏ సాకూ దొరకలేదు. శరణమ్మ నడిమి సీటులోకి జరిగింది. ఆయన దారి పక్కన కూర్చుని, నిమిషంలో గురక మొదలుపెట్టాడు. ఇక మాట చేరవేసేవాళ్లు లేరు.

"భయమైందా వదినె?" అన్నది శరణమ్మ చివరికి.

"ప్రాణం పోయిందనుకున్న" అన్నది బస్వమ్మ. సంచి తెరిచి, "ఇంకో రొట్టె ఉన్నది, తింటవా?" అన్నది.

శరణమ్మ తిన్నది. జొన్నపిండి మెత్తగా పట్టించారు, రొట్టె ఇంకా మృదువుగానే ఉంది. పిండి ఎక్కడ పట్టించావని అడిగింది. అట్లా మొదలైన మాట జహీరాబాద్ పిండి గిర్నీల మీదుగా, అల్లం ధరల మీదుగా, మోకాళ్ల నొప్పుల దాకా పోయింది. పోలెల సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా పరవాలేదని శరణమ్మకు అనిపించింది.

చెన్నైలో విమానం ఆగింది. వాతావరణం బాగయ్యాక ఇదే విమానం మళ్లీ బయల్దేరుతుందని, ఎవరూ దిగొద్దని చెప్పారు. అందరూ ఫోన్లు తెరిచారు. బస్వమ్మ ఫోన్ వెంటనే మోగింది. వినయ్.

"అమ్మా, ఎక్కడున్నరు? ఎన్నిసార్లు చేసిన్నో. శ్రుతికి పొద్దున్నే నొప్పులొచ్చినయ్, దవాఖానకు..."

"ఆగు" అన్నది బస్వమ్మ. ఫోన్ చెవి నుంచి తీసి శరణమ్మ చేతిలో పెట్టింది. "ముందు నువ్వు ఇను వదినె. కన్నతల్లివి."

శరణమ్మ ఫోన్ చెవికి ఆనించుకుంది. అవతల వినయ్ గబగబా చెబుతున్నాడు. ఆడపిల్ల. కాన్పు మామూలుగానే అయింది. తల్లీబిడ్డా క్షేమం. బస్వమ్మ శరణమ్మ మొహంలోకే చూస్తోంది.

"బిడ్డ పుట్టింది వదినె" అన్నది శరణమ్మ. "మనకు మనవరాలు."

బస్వమ్మ కొంగు కళ్లకు అద్దుకుంది. తర్వాత చెన్నబసప్పను భుజం పట్టి ఊపి లేపింది. "అన్నా, మిఠాయి దుకాణం అన్నరు గద. సంచిల ఏమన్న ఉన్నదా?"

ఆయన సంచిలో తన దుకాణం సరుకు కాదు, బీదర్ నుంచి తెచ్చుకున్న పేడాలున్నాయి. నిద్రకళ్లతోనే డబ్బా విప్పాడు. బస్వమ్మ ఆ వరసకంతా పంచింది. తర్వాత ముందు వరసకు, వెనక వరసకు. సీట్లో కూర్చోమని ఎయిర్‌హోస్టెస్ చెప్పడానికి వచ్చి, తనూ ఒక పేడా తీసుకుపోయింది.

పోర్ట్ బ్లెయిర్‌లో దిగేసరికి వాన వెలిసి ఎండ కాస్తోంది. మెట్లు దిగుతుంటే ఉక్కపోత మీదికొచ్చి పడ్డది. జహీరాబాద్ చలికి కప్పుకున్నవన్నీ ఒక్కొక్కటే ఊడాయి. చెన్నబసప్ప బయట సెలవు తీసుకుంటూ, పేరు పెట్టే రోజు మిఠాయి తనదేనని మాటిచ్చాడు.

దవాఖానలో శ్రుతి నీరసంగా పడుకుని ఉంది. పక్కన ఉయ్యాలలో గుప్పెడంత పిల్ల. శరణమ్మ శ్రుతి నుదురు నిమిరింది. బస్వమ్మ ఉయ్యాల మీదికి వంగింది.

"నెత్తికి నూనె పెట్టాలె వదినె, ఎంత ఒత్తుగున్నయో చూడు ఎంటికెలు."

"నేను తెచ్చిన నూనె ఉన్నది. జర గోరువెచ్చ చేసి నువ్వే పెట్టు. నీ చెయ్యి మెత్తన."

శ్రుతి తల్లినీ అత్తనూ మార్చి మార్చి చూసింది.

"మీరిద్దరు మాట్లాడుకుంటున్రా?" అన్నది.

"మెల్లగ మాట్లాడు" అన్నది శరణమ్మ. "పిల్ల లేస్తది."