తిప్పడం మరిచిన పేజీ

"మళ్ళీ చదువు ఉస్తిన్యా. పడవ కదిలిన దగ్గర్నుంచి."

"ఇంకా ఎన్నిసార్లమ్మగారూ! నా గొంతు ఎండిపోయింది. ఆ పడవ ఈపాటికి రెండు సముద్రాలు దాటి ఉంటుంది."

ఒక చేత్తో అమ్మగారి జుట్టు దువ్వుతూ, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని పనిపిల్ల ఉస్తిన్యా మళ్ళీ అందుకుంది. చర్చిలో ప్రార్థనలు చదివే డీకన్ కూతురు కాబట్టి ఏది చదివినా ప్రార్థన రాగంలోనే చదువుతుంది. గ్లాఫిరా ల్వోవ్నా ఆ రాగాన్ని వలిచేసి మాటలు మాత్రం కంఠస్థం చేసుకుంటోంది. మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే ఇదే పని. కాగితం మీద అక్షరాలు ఆమెకిప్పుడు చీమల బారు కదిలినట్టు కనిపిస్తాయి. మహారాణి కొలువులో ఆమె ఉద్యోగమేమో చదివి వినిపించడం.

కళ్ళద్దాలుంటే తీరిపోయేదే. కానీ మహారాణి సముఖంలో కళ్ళద్దాలు నిషిద్ధం. ఎప్పుడో ఒక రాయబారి అద్దాలు సవరించుకుని తేరిపార చూశాడట. "నా ముడతలు లెక్కపెడుతున్నాడు" అందట మహారాణి. అంతే, తెల్లారేసరికి భవనంలో ఒక్క ముక్కు మీదా అద్దాల్లేవు. ముసలి గ్రంథపాలకుడు పాలరాతి విగ్రహానికి వంగి దండం పెట్టి, కుశలం అడిగి, జవాబు రాలేదని నెల్లాళ్ళు అలిగాడు. వంటవాడు బీట్‌రూట్ పులుసులో ఉప్పనుకుని పంచదార పోస్తే, నలభై మంది తాగి బాగుందన్నారు. ఇవన్నీ చెప్పుకుని నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ నిన్న జరిగిన దానికి గ్లాఫిరాకి నవ్వు రావడం లేదు.

నిన్న ఆమె పేజీ తిప్పడం మరిచిపోయింది. నోరు రెండు పేజీలు ముందుకు పోయింది, చెయ్యి వెనకే ఉండిపోయింది. మహారాణి గమనించలేదు. గమనించింది ఆగ్రఫేనా పావ్లోవ్నా, చెలికత్తెలందరి మీదా పెత్తనం చేసే ముసలావిడ. బయటికొచ్చాక చెవి దగ్గరికి వచ్చి తియ్యగా అంది. "మీ పుస్తకం చాలా తెలివైంది గ్లాఫిరా ల్వోవ్నా, దాని పేజీలు అదే తిప్పుకుంటుంది. రేపు పుస్తకం వద్దులెండి, టపాలో వచ్చిన ఉత్తరం ఏదైనా చదువుదురుగాని."

కళ్ళు పోయిన చెలికత్తెను కొలువులో ఎవరుంచుకుంటారు? పంపేస్తారు. ఎక్కడికి? అన్నయ్య అర్కాదీ ఇంటికే కదా. "నీకేమిటమ్మా, కూర్చుని తినే రాజభోగం" అంటాడు అన్నయ్య ఎప్పుడు కనిపించినా. కూర్చోవడం! మహారాణి ఎదుట ఇరవై రెండేళ్ళుగా నిలబడే ఉంది. సాయంత్రానికి పాదాలు జోళ్ళలో రొట్టెపిండిలా పొంగుతాయి. ఎడమ భుజం మీద నీలి రిబ్బనుకి వజ్రాలతో పొదిగిన మహారాణి పేరు వేలాడుతుంది, సంతలో పశువుకు వేసే ముద్రలాగా. కాస్త ఖరీదైన ముద్ర. అయినా ఆ ఇంటికి వెళ్ళడం కంటే ఇదే నయం. "పిల్లల గది పక్కన చిన్న గది ఎప్పుడూ నీదే గ్లాషా" అంది వదిన కిందటి వేసవిలో, పేరు ముద్దుగా కుదించి. "పిల్లల జబ్బులూ, చిరుగులూ చూసుకుంటూ హాయిగా ఉండొచ్చు." ఆ 'హాయిగా' తలుచుకుంటే గ్లాఫిరాకి ఇప్పటికీ వెన్నులో చలి పుడుతుంది.

మహారాణి పిలుపు గంట మోగింది. ఉస్తిన్యా ఆమె చేతి గుడ్డలోకి ఏదో దోపింది. చల్లగా తగిలింది. దారంతో కట్టిన పాత కళ్ళద్దాలు.

"మా నాన్నవి. ఆయన పోయాక నాకు మిగిలినవి ఇవే."

"పిచ్చిదానా, ఇవి కంటబడితే ఈ పూటే గెంటేస్తారు!"

"గెంటేముందు ఒక్కసారైనా అన్నీ కనిపిస్తాయి కదమ్మగారూ."

మహారాణి కిటికీ పక్కన ఎంబ్రాయిడరీ చట్రం ముందు కూర్చుని ఉంది. గ్లాఫిరాకి ఆమె ముఖం తెల్లని మసక, చట్రం ఎర్రని మసక. ఆగ్రఫేనా వెండి పళ్ళెంలోంచి ఉత్తరం తీసి ఆమె చేతిలో పెట్టి, పక్కనే నిలబడింది.

"చదువు గ్లాషా" అంది మహారాణి, సూది ఆపకుండా.

చీమల బారు. గ్లాఫిరా గొంతు సవరించుకుంది. అర్జీలన్నీ ఒక్కలాగే మొదలవుతాయి. "దయామయి అయిన తల్లికి, పాదధూళి వంటి సేవకుడు..." అంది ధైర్యం చేసి.

"ఆగండి" అంది ఆగ్రఫేనా. "మీరు పట్టుకున్నది రెండో పేజీ."

ఇంక దాచేదేముంది? ఎలాగూ గెంటేస్తారు. గ్లాఫిరా చేతి గుడ్డలోంచి అద్దాలు తీసి, ముక్కు మీద పెట్టుకుని, దారం చెవికి చుట్టుకుంది.

చీమలు ఆగిపోయాయి. అక్షరాలయ్యాయి. అది అన్నయ్య దస్తూరీ.

ఆమె పైకే చదివింది. "... ప్స్కోవ్ ఊరి దగ్గర మా పిన్ని చనిపోతూ తన ఇల్లూ ఆపిల్ తోటా నా చెల్లెలు గ్లాఫిరా పేర రాసింది. రాజభవనంలో ఉన్న మనిషికి ఇల్లెందుకు? ఆమెకు ఇంకా చెప్పలేదు. అమ్మకానికి సంతకం చెయ్యమని తమరు ఒక్క మాట అంటే చాలు, నా చెల్లెలికి సొంత ఇష్టాలంటూ ఏమీ లేవు..."

ఇల్లు ఉంది. పిల్లల గది పక్కన కాదు. తనది. కూర్చోవడానికి.

"దేవుడా, అద్దాలు!" అంటూ అప్పటికి తేరుకుని ఆగ్రఫేనా గుండె పట్టుకుంది. "మహారాణీ, ఈమెని..."

గ్లాఫిరా తలెత్తి చూసింది. మూడేళ్ళ తర్వాత మహారాణి ముఖం కనిపించింది. అలసిపోయిన, భయపడిన ఒక ముసలమ్మ. చట్రం మీద పువ్వు అదే సగం పువ్వు, మూడేళ్ళ కిందటిదే. మహారాణి వేళ్ళ మధ్య సూది పైకీ కిందికీ ఆడుతూనే ఉంది. సూదిలో దారం లేదు.

ఆ చూపు ఎక్కడ ఆగిందో మహారాణికి తెలిసిపోయింది. సూది ఆగింది.

"నువ్వు బయటికెళ్ళు ఆగ్రఫేనా" అంది. తలుపు పడ్డాక ముందుకు వంగి, దొంగతనం చేస్తున్న పిల్లలా చెయ్యి చాపింది. "అవి... ఒకసారి ఇటివ్వు."

ఇరవై రెండేళ్ళలో మహారాణి అడిగింది క్షణం ఆలస్యంగా ఇచ్చిన పాపాన పోలేదు గ్లాఫిరా. పక్కనున్న కుర్చీ లాక్కుంది. కూర్చుంది.

"ఇస్తాను మహారాణీ" అంది. "ముందు నా ఇంటి సంగతి పూర్తిగా చదువుకోనివ్వండి."